వెనక సీట్లో ఎవరు?

పోయినవారం కథ ఎక్కడ ఆపానో మర్చిపోయినవాళ్ళకీ, అసలు చదవనే చదవనివాళ్ళకీ ముందు నాలుగు ముక్కలు చెప్పేస్తాను. ఇంట్లో నన్ను పిట్ట అంటారు. సైకిలు పందేల్లో తొక్కేదాన్ని. పోయినేడు ఒక దిగుడు రోడ్డు మీద, గెలవబోతున్న పందెంలో, నా కింద సైకిలు రెండు ముక్కలైంది. నాకు మిగిలినవి తుంటిలో ఒక ఇనప కడ్డీ, చేతిలో ఒక కర్ర. ఆ సైకిలుని చూసుకునేది మా అన్నయ్య, మెకానిక్కు. రిపేరు స్టాండులో ఫ్రేముని పట్టి మరీ బిగించేశాడనీ, లోపల పగులొచ్చినా చూసుకోలేదనీ అందరూ అన్నారు. నేనూ నమ్మాను. "అన్నయ్యని నా కళ్ళ ముందుకి రానివ్వకండి" అని ఆస్పత్రి మంచం మీద నుంచి అరిచాను. ఎవరూ రానివ్వలేదు.

అన్నయ్య షాపు వదిలి, ఇల్లు వదిలి, ఎక్కడో ఒంటిగదిలో ఉంటున్నాడు. చెల్లెల్ని కుంటిదాన్ని చేసినవాడి చేతికి సైకిలు ఎవరిస్తారు? పని దొరకలేదు. స్పానర్లూ స్టాండూ అన్నీ అమ్మేసుకుని, ఈ సాయంత్రం బస్సులో ఏదో రాళ్ళ క్వారీలో లారీ తోలడానికి పోతున్నాడు. పోయేముందు అమ్మకి కనబడి వెళతాడట. ఆ టైముకి నేను ఇంట్లో ఉండకూడదని మధ్యాహ్నమే మేడ దిగి కింద మా సైకిలు షాపు కౌంటర్ వెనక కూర్చున్నాను. పళ్ళ డాక్టరు కారు వచ్చి షాపు ముందు ఆగింది. అక్కడ ఆపాను.

కిందటి భాగాల్లో మా బావని, అంటే మా అక్క మొగుణ్ణి, నేను ఆకాశానికెత్తేశాను. నాన్న పోయాక షాపుని నిలబెట్టాడనీ, కర్ర పట్టుకున్న మరదల్ని కౌంటర్లో కూర్చోబెట్టి మళ్ళీ మనిషిని చేశాడనీ రాశాను. ఆ వాక్యాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి కొట్టేసుకోండి.

సరే, పళ్ళ డాక్టరు. మంచివాడే పాపం, కాస్త తొందర మనిషి. కొత్త కార్బన్ సైకిలు కొన్నాడు. సెలవు రోజున దాన్ని కారులో కొండ రోడ్డు దాకా తీసుకెళ్ళి, అక్కడ తొక్కి, మళ్ళీ కారులో వేసుకుని ఇంటికొస్తాడట. సైకిలుని కారుకి బిగించే ర్యాకు కావాలన్నాడు.

"ఇంటి దగ్గర్నుంచే తొక్కుకుంటూ పోవచ్చు కదండీ?" అన్నాను.

"ఈ ట్రాఫిక్కులోనా? నా పళ్ళు నేనే కట్టుకోవాల్సి వస్తుందమ్మా," అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. నేనూ నవ్వాను. సైకిళ్ళని కార్లెక్కించేవాళ్ళు లేకపోతే మా షాపులో సగం మూసుకోవాల్సిందే. ఆ రెండో సగం, అన్నయ్య రిపేర్లు చేసే సగం, ఎప్పుడో మూతపడింది. అక్కడిప్పుడు ఖాళీ అట్టపెట్టెలున్నాయి.

"ఏమేం రకాలున్నాయో చెప్పమ్మా."

నాకు ఈ పాఠం కంఠతా వచ్చు. "డిక్కీ తలుపుకి బెల్టులతో కట్టేది ఒకటండీ. తేలిక, ఎవరైనా కట్టుకోవచ్చు. కానీ బెల్టు వదులైతే మీ సైకిలు వెళ్ళి వెనకొచ్చేవాడి ఒళ్ళో కూర్చుంటుంది. మధ్యలో డిక్కీ తెరవాలన్నా మొత్తం విప్పాలి. రెండోది, కారు వెనక ట్రాలీ లాగే కొక్కెం ఉంటే దానికి బిగించేది. చక్రాలు పళ్ళెంలో పెట్టినట్టు కూర్చుంటాయి, ఫ్రేముకి ఏమీ తగలదు. అన్నిట్లోకీ అదే మంచిది, మీ కారుకి కొక్కెం లేదు. ఇక పైకప్పు మీద పెట్టేవి. ముందు చక్రం విప్పేసి, ఆ చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళని బిగించేది ఒక రకం. చక్రం విప్పకుండా నిలబెట్టి, ఫ్రేముని క్లాంపుతో పట్టుకునేది ఇంకో రకం. ఏదైనా సరే, పైన సైకిలుందన్న సంగతి మర్చిపోయి గ్యారేజీలోకి దూరకూడదు. దూరినవాళ్ళు మా దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తుంటారు."

"చక్రం విప్పడం నావల్ల కాదు. మళ్ళీ పెట్టుకోవద్దూ? ఇదిగో, ఇది బావుంది," అంటూ డాక్టరు క్లాంపు రకాన్ని గోడ మీంచి తీసుకున్నాడు. రబ్బరు తొడుగేసిన దవడని తెరిచి మూసి చూశాడు, పళ్ళ డాక్టరు కదా. "టకీమని పట్టుకుంటోంది. ప్యాక్ చేసెయ్యండి."

నేను అట్టపెట్టె అందుకోబోతుంటే లోపలి గదిలోంచి బావ వచ్చాడు.

"డాక్టరుగారూ, దాన్ని కింద పెట్టండి."

మా బావ గొంతు మీరు వినలేదు. అది ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. బోడిగుండుకి దువ్వెన అంటగట్టగల మనిషి. అలాంటివాడు చేతికొచ్చిన బేరాన్ని చెయ్యి పట్టుకుని ఆపడం నేనెన్నడూ చూడలేదు.

"అది మీ సైకిలుకి ఇవ్వను," అన్నాడు.

"ఇవ్వనంటే?"

"మీది కార్బన్ ఫ్రేము. ఇనప సైకిలు తెచ్చుకోండి, ఇస్తాను. అల్యూమినియందైనా ఇస్తాను. కార్బన్ గొట్టాన్ని ఈ దవడ నమిలేస్తుంది."

"మెల్లిగా బిగించుకుంటాలెండి."

"మెల్లిగా బిగిస్తే పైన సైకిలు ఊగుతుంది. ఊగుతోంది కదా అని బండి ఆపి ఇంకాస్త బిగిస్తారు. గతుకు తగిలినప్పుడల్లా అది లోపలికి నొక్కుతుంది. దించాక చూస్తే పైన గీత కూడా కనబడదు. లోపల చితికిపోయి ఉంటుంది, పెడళ్ళకి జానెడు పైన, కింది గొట్టంలో. చదును రోడ్డు మీద ఏమీ తెలీదు. ఎత్తు ఎక్కుతున్నప్పుడూ తెలీదు. దిగుడులో, మలుపు దగ్గర బ్రేకు పట్టుకున్నప్పుడు ఒక్కసారిగా పోతుంది."

డాక్టరు చేతిలోని దవడని అదేదో కరుస్తుందన్నట్టు కౌంటర్ మీద పెట్టేశాడు. "అమ్మో. అలా పోవడం మీరు చూశారా?"

"చూశాను," అన్నాడు బావ.

అని, అప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపు ఏమిటో చెబుతాను వినండి. షాపులో నేనూ ఉన్నానన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినవాడి చూపు.

డాక్టరు మా ఇద్దరి మొహాలూ చూశాడు. "మళ్ళీ వస్తానమ్మా, మా ఆవిణ్ణి అడిగి," అని వెళ్ళిపోయాడు.

నాదీ కార్బన్ ఫ్రేమే. అది విరిగింది సరిగ్గా అక్కడే. పెడళ్ళకి జానెడు పైన, కింది గొట్టంలో. ఆ ముక్కల్ని నేను నా చేతుల్తో తడిమి చూసుకున్నాను, ఆ చోటు నాకు నా ఒంటి మీద మచ్చకన్నా బాగా తెలుసు. స్టాండులో బిగించడం వల్ల పోయిందన్నారు. ఇన్ని నెలలుగా ఇదే షాపులో కూర్చుని, ఇవే దవడలు అమ్ముతూ, నేను ఒక్కసారైనా ఆలోచించానా? స్టాండులో సైకిలుని సీటు కింది గొట్టం పట్టుకుని వేలాడదీస్తారు. కింది గొట్టం దగ్గర పట్టుకుంటే సైకిలు నిలబడదు, తలకిందులవుతుంది. ఏ మెకానిక్కూ అక్కడ పట్టుకోడు. అక్కడ పట్టుకునేది కారు పైకప్పు మీది క్లాంపు ఒక్కటే.

ఎందుకు తట్టలేదంటే, నా సైకిలు ఏనాడూ కారు పైకెక్కలేదు. అది అన్నయ్య పెట్టిన చట్టం. ముందు చక్రం విప్పి, ఫ్రేముని అమ్మ కుట్టిన పాత బొంతలో చుట్టి, వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టి, రెండు సీటు బెల్టులూ వెయ్యాలి. వెనక సీటు మొత్తం సైకిలుదే. మనుషులు ఎవరొచ్చినా ముందు సీట్లోనే, అదీ ఒక్కరే. "మీ అన్న ఆ సైకిలుకి పాలు కూడా పట్టేట్టున్నాడే మరదలు పిల్లా," అని బావ ఎగతాళి చేసేవాడు.

పందెం రోజున మాత్రం సైకిలు అన్నయ్య చేతుల్లో లేదు. రోడ్డు చూసుకోవడానికి మేమిద్దరం ముందురోజే పందెంవాళ్ళ వ్యానులో వెళ్ళిపోయాం. మర్నాడు పొద్దున బావ కారులో సైకిలు వచ్చింది. ముందు సీట్లో అక్క. వెనక సీట్లో బొంతలో చుట్టిన సైకిలు. నేనే తలుపు తీసి దించుకున్నాను.

"బావా," అన్నాను. "నా సైకిలుని పైన పెట్టావా?"

"ఏ సైకిలు?"

"నాటకాలాడకు. నాకు ఒక్క సైకిలే ఉండేది."

"పిట్టా, ఏదో డాక్టర్ని భయపెట్టడానికి నాలుగు మాటలన్నాను. నువ్వు దాన్ని పట్టుకుని..."

"చూశానన్నావు. ఎక్కడ చూశావు? ఎవరి సైకిలు చూశావు? దిగుడులో, మలుపులో, బ్రేకు పట్టుకుంటే! ఒక్కొక్క ముక్కా నాదే చెప్పావు."

బావ కౌంటర్ మీది క్లాంపుని తీసి గోడకి తగిలించబోయాడు, మేకు దొరకలేదు, మళ్ళీ కింద పెట్టాడు. వీధిలోకి చూశాడు, ఎవరైనా గిరాకీ వచ్చి ఆదుకుంటారేమోనని. ఎవరూ రాలేదు.

"కాస్త దూరమే కదా అనుకున్నాను," అన్నాడు చివరికి. "మెల్లిగానే తోలాను, ఒట్టు. రబ్బరు కింద గుడ్డ కూడా చుట్టాను. ఊగుతుంటే ఒకచోట ఆపి కొంచెం, కొంచెమే, బిగించాను. దించి చూశాను పిట్టా, గీత కూడా లేదు. ఉంటే చెప్పనా?"

"ఎందుకు పైన పెట్టావు?"

"లోపల చోటు లేదు. డిక్కీలో పెట్టి చూశాను, పట్టలేదు."

"వెనక సీటు సైకిలుదే కదా బావా. ఎప్పుడూ సైకిలుదే. ఆ రోజు చోటెందుకు లేదు? ఎవరు కూర్చున్నారు?"

బావ నోరు మూసుకున్నాడు. ఇంత వాగుడుకాయ నోరు అలా మూసుకుపోవడం చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఓహో," అన్నాను. "ఎవత్తినో ఎక్కించుకున్నావన్నమాట. పక్కన మా అక్కని పెట్టుకుని, వెనక ఎవత్తినో పెట్టుకుని, నా సైకిలుని నెత్తి మీద పెట్టుకుని వచ్చావా? అక్కకి ఏం చెప్పావు, దారిలో లిఫ్ట్ అడిగిందనా?"

"ఛీ, నోర్ముయ్!" బావ బల్ల మీద గుద్దాడు. "ఏం మాటలవి? మీ అమ్మే! మీ అమ్మ కూర్చుంది వెనకాల!"

నేను నమ్మలేదు. నవ్వొచ్చింది కూడా. మా అమ్మా? నాన్న సైకిలు మీద పోతూ లారీ కింద పడి పోయినప్పట్నుంచి మా అమ్మ సైకిలు వైపు తిన్నగా చూడదు. నేను పందేలకి పోతానన్న రోజున "తొక్కుకో. ఎక్కడ తొక్కావో, గెలిచావో ఓడావో నాకు చెప్పొద్దు. నేను చూడను, వినను," అని లోపలికి వెళ్ళి తలుపేసుకున్న మనిషి. నేను తెచ్చిన కప్పులన్నీ షాపులోనే ఉన్నాయి. ఒక్కటి మేడ ఎక్కలేదు.

"ఆవిడే వస్తానంది," బావ గొంతు దిగిపోయింది. "బయల్దేరుతుంటే కిందికి వచ్చి నిలబడింది, చెప్పులేసుకుని. ఒక్కసారి చూస్తాను, దానికి తెలియకూడదు అంది. ఇక నేనేం చెయ్యను? సైకిలుకి చోటు లేదత్తయ్యా, రావద్దు అననా? మీ అక్కేమో అమ్మ రాకరాక వస్తానంటుంటే అని ఏడుపు మొదలుపెట్టింది. పైన ర్యాకు బిగించే ఉంది, గిరాకీలకి చూపించడానికి. పెట్టేశాను. పందెం మొదలయ్యే మైదానానికి ఇవతలే ఆపి, దించి, మళ్ళీ వెనక సీట్లో పెట్టాం. మీ అమ్మ అక్కడ దిగి నడిచొచ్చింది. బొంత చుట్టింది కూడా ఆవిడే."

"మరి స్టాండు? అన్నయ్య బిగించాడు అని ఎవరన్నారు?"

"ఆస్పత్రిలో అందరూ అడుగుతున్నారు, ఎలా విరిగింది, ఎలా విరిగిందని. నా నోట్లోంచి వచ్చేసింది. ఒక్కసారి వచ్చేశాక ఇక..."

"ఇక ఏడాదంతా అదే వచ్చింది."

"నీకు నేనేం తక్కువ చేశాను పిట్టా? ఈ కుర్చీ ఎవరిచ్చారు?"

ఆ కుర్చీని నేను కర్రతో ఒక్క తోపు తోశాను. అది వెళ్ళి అన్నయ్య సగంలోని అట్టపెట్టెల్లో పడింది. అంతకన్నా గట్టిగా ఏమైనా చెయ్యాలని ఉంది, ఒంటికాలి మీద అంతే కుదిరింది.

మేడ మెట్లు ఎక్కడం నాకు పెద్ద పని. కర్ర ముందు, మంచి కాలు తర్వాత, ఇనప కాలు ఆఖర్న. మధ్య మెట్టు మీద అక్క ఎదురైంది, ఆరిన బట్టలు పట్టుకుని. నా మొహం చూసి, కింద బావ పిలుస్తున్న పిలుపు విని, గోడకి ఒదిగిపోయి దారిచ్చింది. "ఏమైందే?" అని కూడా అడగలేదు. అడగాల్సిన అవసరం లేనివాళ్ళు అడగరు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ అన్నయ్యకూ తప్ప అనుకున్నాను. రోజూ నాకు తల దువ్వి జడ వేసిన అక్క. రోజూ ఆ వేళ్ళతోనే.

అమ్మ ముందు గదిలో బల్ల మీద దుప్పటి పరిచి అన్నయ్య చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. క్వారీలో దుమ్ములో తిరిగేవాడికి ఇస్త్రీ ఎందుకో. కాలర్లు, తర్వాత చేతులు, తర్వాత వీపు. పక్కన తెరిచిన సంచీలో మడతలు పేర్చి ఉన్నాయి.

"షాపులో ఉంటానన్నావుగా," అంది తలెత్తకుండా. "వాడింకా రాలేదు. వచ్చే టైమైంది. లోపలికి వెళ్ళు."

నేను వెళ్ళలేదు. బల్లకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా ఆగాను. ఏం తిట్టాలో దారంతా అనుకుంటూనే వచ్చాను, నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"అమ్మా, నేను బాగా తొక్కానా?"

అమ్మ చెయ్యి ఆగింది. ఇస్త్రీపెట్టెని జాగ్రత్తగా నిలబెట్టింది, స్విచ్చి ఆపింది. వైరు చుట్టబోయి, వేడిగా ఉందని వదిలేసింది. అప్పుడు నా వైపు చూసింది.

"బాగా తొక్కావు," అంది. "అందరికన్నా ముందున్నావు."

అంతే. అబద్ధం ఆడలేదు, ఎవరు చెప్పారని అడగలేదు. చిన్నప్పట్నుంచీ ఆ ఒక్క మాట కోసం నేను కొండలన్నీ ఎక్కి దిగాను. అది నాకు ఎప్పుడు దొరికిందో చూడండి. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద కోపమొచ్చింది.

"ఎక్కడున్నావు?"

"మలుపు దగ్గర. నీళ్ళ ట్యాంకరు ఆపి ఉంది, దాని పక్కన. అక్కడైతే నీకు కనబడనని మీ బావ చూపించాడు."

"నేను పడింది ఆ మలుపులోనే."

"ఊ."

"నేను అమ్మా అని అరిచాను. స్పృహ పోయేదాకా అమ్మా అమ్మా అనే అరిచాను. ఎవరో ఒకావిడ నా తల ఒళ్ళో పెట్టుకుంది. ఎవరో తెలీదు, చెవులకి ఎర్ర రాళ్ళ దుద్దులు. మా అమ్మ ఎక్కడో ఇంట్లో తలుపేసుకుని ఉంటుంది పాపం, ఆమెకి ఎలా చెబుతారో అని ఆ నొప్పిలో కూడా నీ గురించి దిగులుపడ్డాను నేను. నువ్వు ట్యాంకరు పక్కన ఉన్నావు."

"కాళ్ళు కదల్లేదే," అంది అమ్మ. "మీ నాన్నప్పుడూ ఇంతే. రోడ్డు, సైకిలు, జనం. నాకు నువ్వు కనబడలేదు పిట్టా, ఆయనే కనబడ్డాడు. నేను తేరుకునేసరికి నిన్ను వ్యానులో ఎక్కించేశారు. మీ బావ నన్ను కారులో కూలేశాడు, అత్తయ్యా మీరు రాలేదు, మీకేమీ తెలీదు అని దారంతా చెప్పుకుంటూ తీసుకొచ్చాడు."

"నువ్వు సరేనన్నావు."

"అన్నాను."

"తర్వాత అన్నయ్యని ఇంట్లోంచి వెళ్ళగొడుతుంటే చూస్తూ కూర్చున్నావు."

"ఎవరూ వెళ్ళగొట్టలేదు. వాడే..."

"అమ్మా! నా ముందా ఈ మాటలు? నేనే వెళ్ళగొట్టాను, నువ్వు చూస్తూ కూర్చున్నావు. ఆ చేతులు సైకిలు తప్ప ఇంకోటి ఎరగవు. లారీ తోలడానికి పోతున్నాడు. చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నావా? ఇలా మడతలు పెట్టి ఇస్తే సరిపోతుందా?" నేను సంచీలోంచి ఒక చొక్కా లాగి విసిరేశాను. "ఇదిగో, ఇంకాసేపట్లో వస్తాడు. వచ్చాక నీ నోటితో నువ్వే చెప్పు. సైకిలుని పైకెక్కించింది ఎవరో, ఎవరి కోసమో, మొత్తం చెప్పు. అందరి ముందూ చెప్పు. కింద ఆ వెధవని కూడా పిలుస్తాను. చెప్పకపోతే నేను చెబుతాను. చెల్లెల్ని కుంటిదాన్ని చేసినవాడన్న పేరు మోసుకుని అన్నయ్య ఆ బస్సెక్కడానికి వీల్లేదు."

అమ్మ వంగి కింద పడిన చొక్కా తీసింది. దులిపింది. మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టింది, అది చూసి నేను కర్ర పట్టుకుని లేచాను, ఆ చొక్కాని చింపేద్దామనే లేచాను.

"వాడికి తెలుసే," అంది.

"ఏం తెలుసు?"

"అన్నీ. ముక్కలు చేతికొచ్చిన రోజే కనిపెట్టాడు. వాడి పని కదా. తిన్నగా నా దగ్గరికొచ్చి, అమ్మా, సైకిలు పైనెక్కింది, వెనక సీట్లో ఎవరున్నారు అన్నాడు. నువ్వు ఇప్పుడు అడిగావే, అచ్చం అలాగే. చెప్పేశాను."

నేను మళ్ళీ కూర్చున్నాను. ఏడాది. ఏడాదిపాటు అన్నయ్య వీధిలో ఎదురైతే నేను రోడ్డు దాటి అవతలికి వెళ్ళాను, కర్ర ఈడ్చుకుంటూ, చూడు నన్నేం చేశావో అన్నట్టు ఇంకాస్త ఎక్కువ ఈడ్చుకుంటూ. అన్నయ్య ఆగి, నేను క్షేమంగా దాటేదాకా చూసి వెళ్ళేవాడు. తెలిసీ.

"తెలిసి ఎందుకు ఊరుకున్నాడు?"

"నేను అడిగాను."

"ఏమని?"

అమ్మ చొక్కా గుండీలు ఒక్కొక్కటీ పెట్టింది. పెట్టాక మళ్ళీ పైది తీసింది.

"దాని కళ్ళకి నేను పనికిరానిదాన్నైతే ఇక బతకను అన్నాను. నీ మీద కోపమైతే దానికి ఎప్పటికైనా పోతుందిరా, మీరిద్దరూ తోడబుట్టినవాళ్ళు అన్నాను. నా మీదైతే పోదు అన్నాను."

"వాడేమన్నాడు?" అన్నయ్యని వాడు అనేశాను, చిన్నప్పటిలా.

"సరేలేమ్మా అన్నాడు. పోతుందిలే అన్నాడు. పోతుందని ఎదురుచూశాడు." అమ్మ మొదటిసారి గొంతు పెంచింది. "నీకు పోలేదు కదే! ఒక్కసారి, ఒక్కసారి నువ్వు వాణ్ణి పిలిచినా నేను చెప్పేద్దును. రోజూ చూశాను, ఇవాళ పిలుస్తుందేమో, ఇవాళ మెత్తబడుతుందేమో అని. నీ మనసు ఇంత రాయి అనుకోలేదు."

చూశారా? తప్పు తిరిగి తిరిగి ఎవరి మీదికొచ్చిందో! నేను గట్టిగా నవ్వేశాను. ఆ నవ్వు ఆగలేదు, మధ్యలో ఎక్కడో ఏడుపైంది. సైకిలుని నమిలినవాళ్ళు వాళ్ళు, అన్నయ్యని అమ్ముకున్నవాళ్ళు వాళ్ళు, రాయిని మాత్రం నేను. అమ్మ బల్ల చుట్టూ వచ్చి నా తల మీద చెయ్యి వెయ్యబోయింది. "ముట్టుకోకు," అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడు మెట్ల మీద అడుగులు. బావవి కావు, బావ బరువుగా ఎక్కుతాడు. ఇవి గబగబా, రెండేసి మెట్లు దాటుకుంటూ. ఆ అడుగులు విని ఏడాదైంది, అయినా పోల్చుకున్నాను.

అన్నయ్య గుమ్మంలో ఆగిపోయాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. భుజాన సంచీ. చేతులు శుభ్రంగా ఉన్నాయి, గోళ్ళ కింద గ్రీజు లేదు, ఆ చేతుల్ని అంత తెల్లగా నేనెన్నడూ చూడలేదు. నేను ఉంటానని అనుకోలేదు కాబోలు, వెనక్కి తిరగబోయాడు.

"అన్నయ్యా," అన్నాను.

క్షమించమనాలా, ఎందుకు దాచావని దులిపెయ్యాలా, బస్సెక్కొద్దని కాళ్ళు పట్టుకోవాలా, ఏదీ తెలియలేదు. అన్నయ్య కళ్ళు నిండాయి. ఒక అడుగు లోపలికి వేశాడు.

"దానికి చెప్పేశాన్రా," అంది అమ్మ. "వెనక సీట్లో నేనున్నానని చెప్పేశాను. ఇక నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు."

అన్నయ్య ఆ అడుగు దగ్గరే నిలిచిపోయాడు. భుజాన ఉన్న సంచీ దించి, చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు. నన్ను చూడలేదు. అమ్మనే చూస్తూ, చిన్నగా, నాకు వినబడకూడదనుకున్నట్టు అడిగాడు.

"ఎంతవరకు చెప్పావమ్మా?"

అమ్మ నన్ను దాటుకుని వెళ్ళి, మెట్ల తలుపు మూసి, లోపలి నుంచి గడియ పెట్టింది.